కొంగ సీటు

ఆ ఏడాది బడులు తెరిచిన రెండో రోజున మా నాన్న తన వ్యాన్లో ముందు సీటుకి కొంగ సీటని పేరు పెట్టాడు. దానికోసం పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్ళు. అది విని నేను పడీ పడీ నవ్వా. అంత నవ్వు నవ్వినందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది చందర్లపాడు. నాన్న పేరు కరీముల్లా. ఇరవై రెండేళ్ళు జగ్గయ్యపేట నించి సిమెంటు లారీ తోలాడు. షుగరొచ్చాక లారీ మానేసి పాత వ్యాన్ ఒకటి కొన్నాడు. పొద్దున పద్నాలుగు మంది పిల్లల్ని నందిగామలో బడికి తీసుకెళ్ళి, సాయంత్రం తెచ్చి ఎవరి గుమ్మంలో వాళ్ళని దించేవాడు. నేను నజ్మాని, బీఎడ్ అయిపోయి డీఎస్సీకి చదువుతూ ఇంట్లో ఉన్నా. అమ్మ హజరాబీ మా ఇద్దర్నీ తిట్టుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చేది.

కొంగ సంగతి చెప్పాలంటే ముందు మా సీరియల్ సంగతి చెప్పాలి. అది చైనావాళ్ళ బొమ్మల సీరియల్. ఆరేళ్ళ నించీ వస్తోంది, రెండొందల ఎపిసోడ్లు దాటింది, ఇంకా తెమల్లేదు. పేరు పలకాలంటే నోరు తిరగదు కాబట్టి నాన్న దాన్ని మేఘాల పడవ అనేవాడు. రేవులో పడవ నడుపుకునే ఒక దిక్కులేనోడికి విరిగిన పడవ దొరుకుతుంది. దాన్ని బాగుచేసి నీళ్ళలోకి తోస్తే అది మబ్బుల్లోకి లేస్తుంది. తొమ్మిది ఆకాశాలు దాటి వాడెక్కడికో పోవాలి. ఎక్కడికో ఇంతవరకూ చెప్పలేదు. చెప్పకపోయినా చూస్తాం, ఏం చేస్తాం మరి, అంత బాగుంటుంది. వాన కురిస్తే చినుకు చినుకూ విడివిడిగా గీస్తారు. ఒక ఎపిసోడ్ మొత్తం ఇద్దరు శత్రువులు ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతారు, అంతే. కత్తి తియ్యరు, గొంతు పెంచరు. కప్పు కింద పెట్టిన చప్పుడుకే మన గుండె జారుతుంది. మన సినిమాలో అయితే ఈపాటికి నాలుగు సుమోలు గాల్లోకి లేచేవి. ఎనభయ్యో ఎపిసోడ్లో రేవు ముసలమ్మ చచ్చిపోయినప్పుడు, ఈ పిచ్చి బొమ్మలేంటని రోజూ దెప్పే మా అమ్మే పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

చైనా పేర్లు నాన్నకి పట్టుబడలేదు. పడవోడు, తెల్లజుట్టోడు, గొడుగమ్మాయి, ఇలా తనే పెట్టుకున్నాడు. ప్రతి ఆకాశానికీ ఒక గేటుంటుంది. గేటు దగ్గర కాగితాలు చూసే భటులుంటారు, వెనక పడవలు బారులు తీరి ఉంటాయి. మొదటిసారి ఆ గేటు చూసి నాన్న, ఇది గరికపాడు చెక్‌పోస్టే, వీళ్ళెప్పుడొచ్చి చూసిపోయారో అన్నాడు. అక్కడ లారీ కింద పడుకుని ఎన్ని రోజులు గడిపాడో ఆయనకే తెలియాలి.

ఆ పడవ ముక్కు మీద ఒక కొంగ ఉంటుంది. మబ్బు దట్టంగా కమ్మినప్పుడు ముందేముందో అది చెప్తుంది, ఎడమ కొండ, కుడి పిడుగు అని. పడవోడు అసలు ముందుకి చూడడు. కొంగ చెప్పింది చెప్పినట్టు తెడ్డు తిప్పుతాడు. నాన్న ఈ కథంతా వ్యాన్లో పిల్లలకి చెప్పి, ముందు సీట్లో కూర్చున్న వాళ్ళు కొంగ అన్నాడు. కొంగ పని దారి చెప్పడం. ఎడమ ఆటో, ముందు గేదెలు, కుడి గుంత. పిల్లలు గొంతు చించుకుని చెప్పేవాళ్ళు. వ్యాన్ వస్తోందంటే రోడ్డు పక్క టీకొట్టు దాకా వినపడేది. ఇంత సరదా మనిషి ఈ మండలంలోనే లేడని అందరూ అనేవాళ్ళు. నేనూ అన్నా.

ఆదివారం పొద్దున టీ తాగాక నా ఫోన్‌ని టీవీకి కలిపి ఇద్దరం చూసేవాళ్ళం. కింద ఇంగ్లీషులో వచ్చే మాటలు నేను తెలుగులో చెప్పేదాన్ని. వట్టినే చెప్పేదాన్ని కాదు. కొత్త ఎపిసోడ్ శుక్రవారం రాగానే ఒకసారి దొంగచాటుగా చూసేసి, ఎక్కడ గొంతు తగ్గించాలో ఎక్కడ ఆపాలో సిద్ధం చేసుకునేదాన్ని. లేనిది కూడా కాస్త కలిపేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని వంటింట్లోంచి అమ్మ అంటించేది.

నిజానికి నాన్న లోకువ అయ్యే వినేవాడు కాదు. బొమ్మలో నాకు కనపడనివి ఆయనకి కనపడేవి. తెల్లజుట్టోడు ఇవాళ కత్తి ఎడంచేత్తో పట్టాడు, ఏదో ఉంది చూడు అనేవాడు. మూడు వారాల తర్వాత నిజంగానే వాడి కుడిచెయ్యి చచ్చుబడిందని తెలిసేది. లారీ డ్రైవర్ కన్ను మరి, అని మీసం దువ్వుకునేవాడు. ఆ జూన్ నించి అలాంటివి చెప్పడం మానేశాడు. తలుపు తెరుచుకున్న చప్పుడైతే ఎవరొచ్చారే అని నన్నే అడిగేవాడు. నువ్వు చెప్తుంటే బొమ్మ అక్కర్లేదే అనేవాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం.

ఆ నెలా రెండు నెలల్లో జరిగినవి ఇప్పుడు వరసగా పేరిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అప్పుడు ఒక్కోటీ ఒక్కో రోజున వచ్చింది. వ్యాన్ ఎడమపక్క అద్దం పగిలి వచ్చింది, ఎవరో గుద్దిపోయారన్నాడు. ఎప్పుడూ ఉన్న చోటే ఉన్న మంచంకోడు తగిలి కాలి వేలు చితికింది. టీకొట్టు చిన్నబాబు నన్ను ఆపి, మీ నాన్నకి వ్యానెక్కితే మేం కళ్ళకి ఆనట్లేదమ్మా, చెయ్యూపినా పలకట్లేదు అని నిష్ఠూరమాడాడు. ఆ మాట ఇంట్లో చెప్తే నాన్న నవ్వి ఊరుకున్నాడు. బడివాళ్ళు సాయంత్రం స్టడీ అవర్ పిల్లల్ని కూడా తెచ్చిపెట్టమంటే, పొద్దు వాలాక బండి తియ్యనని ఖరాఖండిగా చెప్పేశాడు. షుగర్ చూపించుకో, కళ్ళు కూడా చూపించుకో అని అమ్మ రోజూ పోరేది. ఇరవై ఏళ్ళ రోడ్డే, కళ్ళు మూసుకుని తోలతా అనేవాడు.

జులైలో ఒక సాయంత్రం దేవమణి అక్క మా ఇంటికొచ్చింది. మా వీధి చివర అంగన్‌వాడీలో పనిచేస్తుంది. వాళ్ళమ్మాయి సూసన్ మూడో తరగతి, మా వ్యాన్లోనే వెళ్ళేది. మొదట్లో కొంగ సీటు రోజుకొకళ్ళది. రాను రాను అది సూసన్‌కే ఉండిపోయింది. మిగతా పిల్లలు అరుస్తారు గాని చూడరు, ఈ పిల్ల చూసి చెప్తుందని నాన్న మెచ్చుకునేవాడు.

దేవమణి అక్క నవ్వుతూనే మొదలుపెట్టింది. సూసన్‌కి రెండు రోజుల్నించి జ్వరమట, ఆ జ్వరంతోనే వ్యానెక్కుతోందట. రేపు బడికి పోవద్దంటే ఒకటే ఏడుపట. నిద్దట్లో కూడా ఎడమ ఆటో, ముందు గేదె అని కలవరిస్తోందట. "నేను వెళ్ళకపోతే తాత ఎట్టా తోలతాడమ్మా అంటుందండి బాబాయ్. మీ కొంగ గారికి ఎంత బాధ్యతో చూడండి" అంది.

అమ్మా నేనూ నవ్వాం. నాన్న నవ్వలేదు. జ్వరం ఎంతుంది, మందేశారా అని అడిగాడు. పిల్లని రేపు పంపొద్దు, పూర్తిగా తగ్గాకే పంపమన్నాడు. మర్నాడు ఆయన బండి తియ్యలేదు. క్లచ్ ప్లేటు పోయిందన్నాడు. పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసి నేనే చెప్పా. మూడో రోజు సూసన్‌కి జ్వరం తగ్గింది, క్లచ్ ప్లేటూ బాగైంది. మెకానిక్ ఎప్పుడొచ్చాడని అడగాలని కూడా తోచలేదు నాకు. డీఎస్సీకి చదువుతున్నానట, తెలివిగల్లదాన్నట.

ఆగస్టు ఆఖర్లో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు లేడు. మునేరు పొంగుతోందని ఫోన్ల నిండా వీడియోలు. ఆ ఆదివారం ఎపిసోడ్ కోసం మేం ఏడాది నించీ కాచుక్కూర్చున్నాం. పడవ ఏడో ఆకాశం చేరి మంచుగోడ ముందు ఆగే ఎపిసోడ్ అది. శుక్రవారం చూసినప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది. ఆకాశమంత నీలం గోడ, దాని లోపల గడ్డకట్టిపోయిన పాత పడవలు, ఒక్కో పడవలో తెడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డ మనుషులు. తమకంటే ముందు ఎంతమంది వచ్చారో, ఎంతమంది ఇక్కడే ఆగిపోయారో పడవోడికి అప్పుడే తెలుస్తుంది.

టీవీకి ఎదురుగా మంచం మీద నాన్న, కింద చాప మీద నేను. పడవ గోడ దగ్గరికి వస్తుండగా కనెక్షన్ తెగింది. టీవీలో బొమ్మ పోయి ఉత్త నీలం తెర నిలబడింది. ఫోన్లో మాత్రం మాటలు వస్తూనే ఉన్నాయి. ఈ ఎపిసోడ్ నాకు కంఠతా వచ్చు కాబట్టి ఆపకుండా చెప్పుకుపోతూ ఒక చేత్తో మళ్ళీ కలపబోయా.

"ఆగాగు," అన్నాడు నాన్న. "ఆ మంచు చూడవే. ఎంత బాగా గీశాడో మహానుభావుడు."

నేను టీవీ వంక చూశా. నీలం తెర, మూలన సిగ్నల్ లేదని నాలుగు అక్షరాలు. నాన్న వంక చూశా. కళ్ళార్పకుండా దాన్నే చూస్తున్నాడు, ముఖం నిండా సంతోషం. నా కోసం చూస్తున్నాడు ఆ మనిషి, నేను చెప్తున్నానని. తర్వాతేమైందే అన్నాడు. చెప్పా. చివరిదాకా చెప్పా. ఫోన్ మళ్ళీ కలపలేదు.

ఆ రోజంతా అదే ఆలోచన. పొద్దున ఏడింటికి పద్నాలుగు గుమ్మాల్లో పద్నాలుగు మంది పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడతారు. వాళ్ళని ఎక్కించుకుని ఈయన నందిగామ దాకా పోతాడు. ఎనిమిదేళ్ళ పిల్ల నోటి మాట మీద పోతాడు. అమ్మకి చెప్పబోయి మానుకున్నా. చెప్తే అమ్మ వీధెక్కుతుంది, అందరికీ తెలుస్తుంది. లారీ డ్రైవర్ కన్ను మరి అని మీసం దువ్వుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టడం నా వల్ల కాలేదు. రేపొక్కరోజు నేను పక్కన కూర్చుంటే సరి, సాయంత్రం మెల్లగా ఆయనతోనే మాట్లాడతా అనుకున్నా.

సోమవారం వాన తెరిపిచ్చింది, బడికి సెలవివ్వలేదు. నందిగామలో పనుందని చెప్పి ముందు సీటెక్కా. నాన్న వద్దనలేదు. సూసన్ వచ్చి తన సీట్లో నన్ను చూసి వ్యాన్ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇవాళ అక్క కొంగలే అన్నాడు నాన్న. ఆ పిల్ల నా వంక, ఆయన వంక చూసి, నా వెనక సీట్లో కూర్చుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి సిగ్గేస్తుంది. నేను కొంగ పని బాగా చేశా. ఎడమ సైకిల్, ముందు ఖాళీ, మలుపులో బురద. నా గొంతుకి నాన్న స్టీరింగ్ తిరుగుతోంది. భయం తగ్గింది. తగ్గడమే కాదు, హాయిగా కూడా అనిపించింది. రోజూ నేనే వస్తే సరిపోలా, దసరా దాకా ఇట్టా లాగితే ఈలోపు నా పరీక్షవుద్ది, ఆయన పరువూ నిలబడుద్ది అని లెక్కలేసుకున్నా. నిన్న ఏడుపొచ్చిన విషయం ఇవాళ నాకు ఉపాయంలా కనపడింది.

సగం దారిలో వాగుంది, దాని మీద చప్టా, వాగుకి అడ్డంగా పోసిన కాంక్రీటు రోడ్డు. చప్టాకి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు హద్దుగా పాతి ఉంటాయి. మేం వెళ్ళేసరికి ఎర్రనీళ్ళు దాని మీదుగా పారుతున్నాయి. మాకు ముందు ఒక ట్రాక్టర్ దాటుకుని అవతలి గట్టెక్కింది. నాన్న బండి నిదానం చేసి, నీళ్ళెట్టా ఉన్నాయే అని అడిగాడు.

"చీలమండల్లోతు నాన్నా. ట్రాక్టర్ ఇప్పుడే పోయింది. భయం లేదు, పోనీ" అన్నా. నిన్న మంచుగోడ గురించి చెప్పిన గొంతుతోనే అన్నా. చీలమండల్లోతని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అట్టా అంటే ఆయనకి ధైర్యంగా ఉంటుందని అన్నా.

బండి నీళ్ళలోకి దిగింది. నా భుజం వెనక నించి చిన్న గొంతు వినపడింది.

"తాతా ఆగు. రాళ్ళు లేవు."

నాన్న ఆ క్షణమే బ్రేక్ తొక్కాడు. ఉండవే, నేను చూస్తున్నాగా అని కసిరా నేను. ఆయన నా మాట విన్నట్టే లేడు. ఎన్ని రాళ్ళు కనపడుతున్నాయి సూసన్ అని అడిగాడు.

"కుడిపక్క మూడు. ఎడమపక్క ఒక్కటి కూడా లేదు తాతా. అటేపు రోడ్డు కూడా లేదు."

అప్పుడు చూశా. ఎడమపక్క చప్టా సగానికి సగం కోసుకుపోయింది. అక్కడ నీళ్ళు చప్పుడు లేకుండా, నున్నగా, లోపలికి వాలుతున్నాయి. మా ముందు చక్రానికీ దానికీ మధ్య మంచమంత ఎడం కూడా లేదు. వెనక పిల్లలు పాట పాడుకుంటున్నారు.

నాన్న రివర్స్ గేరేశాడు. సూసన్ తనంతట తనే సీట్ల మధ్యలోంచి వెనక అద్దం దగ్గరికి పోయి, నిటారుగా రా తాతా, ఇంకా, ఇంకా, ఇంక చాలు అని చెప్పింది. గట్టెక్కాక నాన్న ఇంజన్ ఆపి తాళాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"పిల్లల్ని దించి వాళ్ళ నాన్నలకి ఫోన్లు చెయ్యి నజ్మా. నేనింక తోలను."

"సూసన్‌కి తెలుసా నాన్నా?"

"మొదటి వారమే అడిగింది, తాతా నీకు కనపడదా అని. ఎవరికీ చెప్పకమ్మా అన్నా. చెప్పలేదు." తల వెనక్కి తిప్పాడు. "ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పిద్ది. నువ్వు బాగా చెప్తావు."

ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఒక్కో ఇంటికీ నడిచాడు. నాకు కళ్ళు పోయాయి, దాచిపెట్టి మీ పిల్లల్ని తిప్పా, తప్పయిపోయింది అని ప్రతి గుమ్మంలో తనే చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకాయన కొట్టడానికొచ్చాడు, కొట్టమని నిలబడ్డాడు నాన్న. దేవమణి అక్క ఇంటికి మాత్రం తాళం వేసి ఉంది.

బెజవాడలో కళ్ళ డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. షుగర్ రెండు కళ్ళనీ తినేసిందన్నాడు. ఎడమకన్ను ఎప్పుడో పోయిందట. జూన్లో తీసుకొచ్చి ఉంటే కుడికన్ను కొంత నిలబెట్టేవాణ్ణి, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగాడు. అమ్మ నా వంక చూసింది. నేను ఆయనకి ప్రతి ఆదివారం కళ్ళకి కట్టినట్టు చెప్తున్నా, గమనించే తీరికెక్కడ?

మేం బెజవాడ నించి వచ్చిన మర్నాడు పొద్దున దేవమణి అక్క వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు. నన్నే అడిగింది.

"మీ నాన్నకి కనపడదని నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం అక్కా."

"మరి సోమవారం నా పిల్లని ఎందుకెక్కనిచ్చావు?"

పక్కన నేనున్నాగా అందామనుకున్నా. నాన్న పరువు అందామనుకున్నా. అవన్నీ నాకే కంపు కొట్టాయి. ఆమె ఇంకాసేపు నిలబడింది. సూసన్ ఇప్పుడు బడికి ఆటోలో వెళ్తోందని, దారంతా కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటోందని చెప్పింది. చెప్పి వెళ్ళిపోయింది.

అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా నాన్న చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"నజ్మా, ఆమె మొహం ఎట్టా ఉందే?"

కోపం తగ్గింది నాన్నా, క్షమించినట్టే ఉంది అని చెప్పొచ్చు. ఆ గొంతు, ఆ మాటలు నా నాలిక చివరే ఉన్నాయి. ఆయన కూడా అదే వినాలని నా వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"కోపంగా లేదు నాన్నా," అన్నా. "అసహ్యంగా చూసింది. ఇద్దర్నీ."